గడప ఉన్న బండిలో తుర్కయంజాల్ దాకా

మూడు పడక గదుల ఫ్లాట్‌లో ముగ్గురమే ఉంటూ, కూర్చోడానికి చోటు లేదని రోజూ గొడవపడే ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఏదైనా ఉందంటే అది మాదే. సోఫా నిండా ఉతికిన బట్టలు, డైనింగ్ టేబుల్ నిండా నేను దిద్దాల్సిన కోచింగ్ సెంటర్ పేపర్లు, బాల్కనీలో మావారు ఎప్పటికైనా తొక్కుతానంటున్న సైకిలు. అటక మీద ఏముందో దేవుడికే తెలియాలి. మొన్న వేసవిలో ఓ ఆదివారం దాన్ని దులుపుదామని ఎక్కితే, మా పెళ్లికి వచ్చిన స్టీలు డిన్నర్ సెట్టు రంగు కాగితమైనా విప్పకుండా కనిపించింది. మా పెళ్లయి ఇరవై ఏళ్లు దాటింది. "ఇంకో అల్మరా చేయిద్దామా?" అన్నారు మావారు కింద నిచ్చెన పట్టుకుని. ఆ క్షణంలో నాకు ఇల్లు వదిలేసి ఎటైనా పోవాలనిపించింది. కోపం ఆయన మీద కాదు, అల్మరాల మీద.

ఆ కోపంతోనే ఫోన్‌లో వ్యాన్‌లలో కాపురాలు పెట్టినవాళ్ల వీడియోలు చూడటం మొదలుపెట్టాను. అన్నీ సముద్రాల పక్కన, కొండల అంచున. ఎవరూ బట్టలు ఉతకరు, ఎవరి ఇంటికీ చుట్టాలు రారు, ఎవరికీ పోపు మాడదు. మనబోటి వాళ్లకు కుదిరే వ్యవహారం కాదులే అని సరిపెట్టుకుంటున్న రోజుల్లో, నాకు పన్నెండేళ్లుగా జాకెట్లు కుట్టే స్వరూప ఫోన్ చేసింది. "మేడం, ఇగ మీరు మా ఇంటి దాక రావద్దు. మేమే మీ గల్లీకొస్తం. ఇల్లు, మిషిను అన్ని బండ్లనే ఉన్నయి" అంది. బండిలో ఇల్లేంటి స్వరూపా అంటే, "టెంపో ట్రావెలర్ కొన్నం మేడం. మా ఆయన లోపలంత ఇల్లు లెక్క చేయించిండు. అండ్లనే ఉంటున్నం" అని నవ్వింది. నేను వీడియోల్లో వెతుక్కుంటున్న మనుషులు నా జాకెట్టు కొలతలు తెలిసినవాళ్లే అని అప్పుడు తెలిసింది.

స్వరూప, ఆమె భర్త యాదగిరి నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చినవాళ్లు. యాదగిరి గారు పెళ్లిళ్లకు, తీర్థయాత్రలకు తిరిగే ట్రావెలర్ నడిపేవారు. స్వరూప చంపాపేట్‌లో అద్దె ఇంటి మెట్ల కింద మిషను వేసుకుని కుట్టేది. కూతురు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఈ పన్నెండేళ్లలో వాళ్లు ఎన్నిసార్లు ఇల్లు మారారో నాకూ తెలుసు, ఎందుకంటే మారిన ప్రతిసారీ నా జాకెట్టు గుడ్డ ఒకటి ఎక్కడో తప్పిపోయేది. మిషను చప్పుడని ఒక ఓనరు, వచ్చిపోయే ఆడవాళ్లు చెప్పులు మెట్ల మీద విడుస్తున్నారని ఇంకొకరు, కొడుకు పెళ్లి కుదిరిందని మరొకరు ఖాళీ చేయించారు. చివరికి యాదగిరి గారికి విసుగొచ్చింది. ఆయన మాటల్లోనే చెప్పాలంటే, "ఎట్లన్న ఏడాదికోసారి మారుడే కద మేడం. సామాను దించుడు, ఎక్కిచ్చుడు ఏంది పరేషాన్? ఇల్లే తిరగనియ్యి అనుకున్నం." తను నడిపిన బండినే, పాతబడ్డాక దాని యజమాని అమ్ముతుంటే కొనుక్కున్నారు. సీట్లు పీకించి, మార్పులకు ఆర్టీఏ దగ్గర అనుమతి తీసుకుని, మూడు నెలల క్రితం అందులోకి మారిపోయారు.

ఒక రోజంతా మీతో ఉండి చూస్తాను, రమ్మంటావా అని అడిగాను. స్వరూప, "బేస్తవారం రండి మేడం. ఆ రోజు మా అమ్మ ఒస్తది. మీరు పక్కన ఉంటే నాకు జర ధైర్నం" అంది. అమ్మ వస్తే ధైర్యం ఎందుకో నాకు అర్థం కాలేదు. మాది గోదావరి జిల్లా కాబట్టి ఒడి బియ్యం సంగతి ఆమే వివరించాల్సి వచ్చింది. తెలంగాణలో పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ ఒడిలో పోస్తారు. మామూలుగా అయితే పుట్టింటికి పిలిచి పోస్తారు. కూతురు సొంత ఇల్లు చేసుకున్నప్పుడు మాత్రం పుట్టింటివాళ్లే ఆ ఇంటికి వచ్చి పోస్తారు. స్వరూప తల్లి నర్సమ్మ గారికి ఆ బండి ఇల్లు కాదు. మూడు నెలలుగా అందులో కాలు పెట్టలేదు. గురువారం తుర్కయంజాల్‌లో ఉన్న కొడుకు ఇంటికి వస్తున్నాననీ, స్వరూప అక్కడికే వచ్చి కూర్చుంటే పోస్తాననీ కబురు చేశారు. గడప లేనిది ఇల్లెట్లయితది అని ఆమె వాదన. బియ్యం ఎక్కడ పోసినా అవే బియ్యం. కానీ స్వరూపకు అవి తన ఇంట్లోనే కావాలి. పెళ్లయిన ఇన్నేళ్లకు తనదంటూ ఒక ఇల్లు వచ్చిందని అమ్మ నోటితో ఒప్పుకోవాలి. ఆ రోజు తేలాల్సింది అదొక్కటే.

గురువారం సెలవు పెట్టి తెల్లారగానే బయల్దేరాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కు మెట్రోలో పది నిమిషాలు కూడా పట్టదు, టికెట్టు ఓ ప్లేటు ఇడ్లీ కన్నా తక్కువ. ఆ వేళప్పుడు కోచింగుకు పోయే పిల్లలు తప్ప రద్దీ ఉండదు కాబట్టి కూర్చునే వెళ్లవచ్చు. స్టేషన్ మెట్లు దిగగానే ఆటోవాళ్లు చుట్టుముట్టారు. కర్మన్‌ఘాట్‌కు వంద అడిగితే ఎనభైకి ఖాయమైంది. "గుడికా మేడం?" అన్నాడు డ్రైవరు. గుడి దాటాక ఖాళీ ప్లాటులో ఒక బండి ఉంటుంది, అందులో మనుషులు కాపురం ఉంటున్నారు, అక్కడికి అన్నాను. "గా కుట్టు బండా? మా ఇంటామె జాకిట్లు గాడనే ఇస్తది" అని సరాసరి తీసుకెళ్లి దింపాడు. అడ్రసు లేని ఇంటికి నేను ఇంత సులువుగా ఎప్పుడూ చేరలేదు.

ప్లాటు చుట్టూ ప్రహరీ, లోపల ఒక బోరు, మూలన రేకుల బాత్రూము. ఆ స్థలం యాదగిరి గారికి తెలిసిన ఒకాయనది. కాపలా ఉన్నట్టూ ఉంటుందని నెలకు రెండు వేలు తీసుకుని రాత్రిళ్లు బండి పెట్టుకోనిస్తాడు. లేత పచ్చ రంగు ట్రావెలర్, పైన సోలార్ పలకలు, పక్కన చిన్న తులసి కుండీ. బండి కదిలేటప్పుడు ఆ కుండీ లోపల డ్రైవరు సీటు వెనక్కి వెళ్తుందట. స్వరూప లోపల నుంచి, "రండ్రి మేడం, చెప్పులు బయట ఇడువుండ్రి" అంది. చెప్పులు విడిచాను. విడవగానే అది బండి కాదని సగం ఒప్పుకున్నట్టే అయింది.

లోపలి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ పోస్టు చదివేవాళ్లలో సగం మంది దాని కోసమే వచ్చి ఉంటారు. వెనక వైపు అడ్డంగా మంచం, దాని కింద మూడు పెద్ద సొరుగులు. ఒకటి బట్టలకు, ఒకటి కుట్టాల్సిన గుడ్డలకు, ఒకటి పప్పు ఉప్పులకు. కూతురు సెలవులకు వచ్చినప్పుడు మడత విప్పి దించే పడక ఇంకొకటి పైన ఉంది. కిటికీ కింద కుట్టుమిషను. దాని ఎదురుగా చిన్న సిలిండరు, ఒకే బర్నరున్న పొయ్యి, ఓ సింకు. నీళ్ల ట్యాంకు అడుగున ఉంది, రెండు రోజులు వస్తుందట. ప్రతి గిన్నెకూ ఒక చోటు, ఆ చోటులో ఆ గిన్నె తప్ప ఇంకోటి పట్టదు. "కొత్తది ఒకటి కొంటే పాతది ఒకటి ఎవరికన్న ఇయ్యాలె మేడం, లేకుంటే తలుపు పడది" అంది స్వరూప మామూలుగా. నాకు మా అటక గుర్తొచ్చింది.

ఆమె తప్పాల చెక్క చేస్తోంది. బియ్యప్పిండిలో నువ్వులు, శనగపప్పు, కారం, కరివేపాకు కలిపి గిన్నె అడుగునే పలుచగా తట్టి, వేళ్లతో చిల్లులు పెట్టి, సన్నటి సెగ మీద మూత పెట్టి కాలుస్తారు. తూర్పు నుంచి ఎండ సరిగ్గా పొయ్యి మీద పడుతోంది. వంటిల్లు భలే వాస్తు ప్రకారం కుదిరిందే అన్నాను. బయట అద్దం తుడుస్తున్న యాదగిరి గారు నవ్వారు. "కుదురుడేంది మేడం, నేనే పెడ్త. పొద్దుగాల ఏ దిక్కు పెట్టమంటే ఆ దిక్కు బండి తిప్పి పెడ్త. మా లెక్క ఎవరి ఇంట్లనన్న కుదురుతదా?" మా అపార్ట్‌మెంట్‌లో వంటగది ఆగ్నేయంలో లేదని గోడ పగలగొట్టించిన పొరుగాయన ఈ మాట వినాల్సింది.

బండిలోకి మారిన రోజు సంగతి తింటూ చెప్పారు. పంతులు గారు వచ్చి, ఇది వాహన పూజా, గృహప్రవేశమా అని అడిగారట. ఏం చెప్పాలో తెలియక ఇద్దరూ మొహాలు చూసుకుంటే, ఆయనే రెండూ చేసేద్దామని చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఆ వెంటనే లోపల పాలు పొంగించారట. ఫోన్‌లో ఆ ఫోటో చూసి నర్సమ్మ గారు, "బండ్ల పాలు పొంగిచ్చుడేంది?" అని రెండు వారాలు మాట్లాడలేదు. చెబుతుంటే స్వరూప నవ్వుతూనే ఉంది గానీ, తప్పాల చెక్క ముక్క చేతిలో అలాగే ఉండిపోయింది.

నచ్చనివి కూడా చెప్పాలి. బండిలో బాత్రూము లేదు. ఈ ప్లాటులో ఉన్నంతసేపు ఫరవాలేదు, పగలు కాలనీల్లో ఉన్నప్పుడు తెలిసినవాళ్ల ఇల్లో, పెట్రోలు బంకో చూసుకోవాలి. మధ్యాహ్నం ఎండలో రేకు కాలిపోతుంది, నీడ దొరక్కపోతే చిన్న ఫ్యాను చాలదు. ఉత్తరాలు, బ్యాంకు కాగితాలు స్వరూప తమ్ముడి అడ్రసుకు వస్తాయి. ఇవన్నీ ఆమె దాచకుండా చెప్పింది. "కాని మేడం, ఖాళీ చెయ్యుమని ఎవరనరు" అంది చివర్లో. ఆ ఒక్క ముక్క అంటున్నప్పుడు ఆమె మొహంలో కనిపించిన నిశ్చింత చూసి నాకు నిజంగా అసూయ కలిగింది.

అప్పుడు చూపించారు గడప. ఆదివారం నాడు యాదగిరి గారు చంపాపేట్‌లో ఒక వడ్రంగి దగ్గర వేప చెక్కతో చేయించి, పక్కకు జరిగే తలుపు కింద మరలతో బిగించారు. పసుపు రాసి, ముగ్గు గీతలు గీసి, కుంకుమ బొట్లు పెట్టింది స్వరూప. ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. దాటి లోపలికి వెళ్లిన నేనే మళ్లీ బయటికి వచ్చి ఇంకోసారి దాటాను. ఒక్కటే తకరారు. గడప వచ్చాక తలుపు పూర్తిగా పడటం లేదు. నాలుగు వేళ్ల సందు మిగిలిపోతోంది. యాదగిరి గారు ఇంటి గడప కొలిచినట్టే, తలుపు తీసిపెట్టి గుమ్మం కొలిచారు. ఇంటి తలుపు గడప మీదికి వచ్చి ఆగుతుంది. బండి తలుపు గాడిలో నడుస్తుంది, ఆ గాడి మీదే గడప కూర్చుంది. "తాడు కట్టిన మేడం, ఏం గాదు" అన్నారాయన, ఏం కాదని తనకు తనే చెప్పుకుంటున్నట్టు.

తొమ్మిది దాటాక బయల్దేరాం. ముందు చంపాపేట్ మెయిన్ రోడ్డు మీద రెండు చోట్ల ఆగి, కుట్టిన జాకెట్లు ఇచ్చాం. అక్కడి ఆడవాళ్లకు ఈ బండి అలవాటైపోయింది. కూరగాయల సంచితోనే ఎక్కి, మిషను పక్కన నిలబడి కొలతలిచ్చి, దిగి వెళ్లిపోతున్నారు. ఒకావిడ గడప చూసి ఆగింది. "ఎప్పుడు పెట్టించినవే స్వరూపా? మంచిగుంది" అని వంగి కళ్లకద్దుకుంది. ఆ తర్వాత దారంతా స్వరూప ఏదో కూనిరాగం తీస్తూ కూర్చుంది. నర్సమ్మ గారికి ఇష్టమని అరడజను మామిడిపళ్లు కూడా అక్కడే కొన్నాం.

చంపాపేట్ నుంచి వెనక్కి వచ్చి, సాగర్ రింగ్ రోడ్డు దగ్గర కుడికి తిరిగితే నాగార్జునసాగర్ రోడ్డు. అక్కడి నుంచి తుర్కయంజాల్‌కు ట్రాఫిక్కును బట్టి అరగంట. మేం తిరిగిన కాసేపటికే ఒక స్పీడ్ బ్రేకర్ వచ్చింది. యాదగిరి గారు మెల్లగానే ఎక్కించారు, కానీ దిగేటప్పుడు తాడు ముడి జారింది. తలుపు ధడాలున వెనక్కి పోయింది. మామిడిపళ్ల సంచి ముందు దూకింది, దాని వెనకే ఇత్తడి చెంబు. నేను మంచం అంచు పట్టుకుని "ఆపండి, ఆపండి" అని అరిచాను. వెనక వస్తున్న స్కూటరాయన తప్పించుకుని పక్కకొచ్చి, "తలుపు ఎయ్యకుండ నడుపుతున్నవేందన్న? మనుషులు పడితే?" అని కేకలేశాడు. ఆయన తప్పేమీ లేదు.

బండి పక్కన ఆపి, చెంబు, మిగిలిన మూడు పళ్లు ఏరుకొచ్చాం. యాదగిరి గారు పనిముట్ల డబ్బా తీసుకొచ్చారు. స్వరూపకు అర్థమైంది.

"ఇప్పుడే తియ్యాల్నా? తమ్మునిల్లు ఇంక ఇరవై నిమిషాలే ఉంది."

"తలుపు పడకుంటె ఎట్ల పోతం? మేడం పడితే? నువ్వు పడితే?"

"మా అమ్మ ఏమంటదో తెల్వదా నీకు?"

"తెల్సు. నేనే తప్పు కొలిచిన. ఆమె ఏమన్నా నన్ననని" అని ఆయన మోకాళ్ల మీద కూర్చుని మరలు తిప్పడం మొదలుపెట్టారు. నాలుగు మరలూ ఊడాక తలుపు మెత్తగా జరిగి టక్కున పడింది. ఇంతకాలం ఎవరూ ఆ చప్పుడును తిట్టుకుని ఉండరు, స్వరూప తిట్టుకుంది. గడపను ఎక్కడా పెట్టనివ్వలేదు. ఒడిలో అడ్డంగా పెట్టుకుని కూర్చుంది. కొత్త చీరకు పసుపంతా అంటుకుంటోందని నేనంటే, అంటనియ్యండి అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ తుడుచుకోలేదు.

తుర్కయంజాల్‌లో మెయిన్ రోడ్డు దిగి కొంచెం లోపలికి వెళ్తే స్వరూప తమ్ముడి ఇల్లు. తమ్ముడు డ్యూటీకి వెళ్లాడు, అతని భార్య సుజాత, పక్కింటి ఆడవాళ్లిద్దరు గేటు దగ్గరే ఉన్నారు. వాళ్ల ముందు, కుర్చీలో, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని నర్సమ్మ గారు. సన్నగా, నిటారుగా, పెద్ద బొట్టుతో ఉన్నారు. ఇంటి వరండాలో పీట, దాని ముందు ముగ్గు, ఇత్తడి గిన్నెలో పసుపు బియ్యం సిద్ధంగా ఉన్నాయి. "వచ్చినవా బిడ్డా? కాళ్లు కడుక్కోని లోపటికి రా, మంచి గడియ పోతది" అన్నారామె బండి వైపు చూడకుండానే.

స్వరూప బండి దిగలేదు. తలుపు దగ్గరే నిలబడి, "అమ్మా, ముందుగాల మా ఇంటికి రా" అంది.

"ఇల్లా? ఇయ్యాల ఈడుంటది, రేపు ఏడుంటదో నీకే తెల్వది. గడప లేని కాడ ఒడి నింపితే ఏడ మొక్కుతవు? గిన్నేండ్లు కిరాయి ఇండ్లల్ల ఉన్నా గడపైతే ఉండె."

"గడప ఉండె, ఇల్లు మాది కాకపాయె" అంది స్వరూప. "నీ కొడుకింట్ల పోస్తే తీస్కపోత అమ్మా, కాదనను. కాని ఇది ఇల్లు కాదనుకుంట పోస్తే నాకొద్దు."

పక్కింటివాళ్లు నేల చూపులు చూశారు. సుజాత ఇద్దరి మధ్యా నిలబడి ఎటూ తేల్చుకోలేకపోయింది. ఎండ నెత్తిమీదికి వచ్చింది. చాలాసేపటికి నర్సమ్మ గారు, "తాగనీకి నీళ్లియ్యి" అన్నారు. సుజాత లోపలికి పరుగెత్తబోతే చేత్తో ఆపారు. అడిగింది కూతుర్ని. స్వరూప చెంబు నింపి, చెంబుతోనే తలుపు దగ్గర నిలబడింది. "లోపటికొచ్చి కూసోని తాగమ్మా" అంది. ఇద్దరూ ఇద్దరే. మా ఇంట్లో మొండితనం నాదే అనుకునేదాన్ని, వీళ్ల ముందు నేనెంత.

నర్సమ్మ గారు లేచారు. బండి మెట్టు ఎత్తుగా ఉంది, ఆమెకు మోకాళ్ల నొప్పి. ఒక కాలు ఎత్తి, అందక, దించేశారు. ఇంకోసారి ఎత్తారు. యాదగిరి గారు పరుగెత్తి వరండాలో ముగ్గు ముందున్న పీట తెచ్చి మెట్టు కింద వేశారు. కూతురు ఒడి నింపుకోవడానికి కూర్చోవాల్సిన పీట అది. నర్సమ్మ గారు దానివైపు చూశారు, అల్లుడివైపు చూశారు, దాని మీద అడుగు వేసి నా చెయ్యి పట్టుకుని ఎక్కారు.

మంచం మీద కూర్చుని నీళ్లు తాగారు. ఆ తర్వాత ఏ తల్లయినా చేసేదే చేశారు. బియ్యం డబ్బా మూత తీసి చూశారు. పొయ్యి పక్కన వేలితో రాసి జిడ్డుందేమో చూశారు. పై పడక ఎట్ల దిగుతుందో అడిగి, దింపించి, ఎత్తించారు. "వానొస్తే?" అన్నారు. కారదు అంది స్వరూప. "ఎండకు?" కష్టమే అంది. చివరికి కిటికీ కింద మిషను దగ్గర ఆగారు. వెలుతురు సూది మీద పడుతోంది. "మెట్ల కింద కుట్టేటప్పుడు కండ్లు మండుతున్నయంటుంటివి" అన్నారు. "ఇప్పుడు మండుతలేవమ్మా" అంది కూతురు. నర్సమ్మ గారు ఆ కిటికీని తీసి, మూసి, మళ్లీ తీశారు. తర్వాత తలుపు దగ్గరికి వచ్చి, కింద మరల చిల్లులు నాలుగు చూశారు.

"ఈ చిల్లులేంది? ఈడ ఏం పెట్టిచ్చి తీసిండ్రు?"

యాదగిరి గారు అపరాధిలా గడప తెచ్చి చూపించి, జరిగింది చెప్పారు. తలుపు తీసి ఉంచి కొలిచిన అత్తమ్మా, అన్నారు. నర్సమ్మ గారు ఆయన్ని కింది నుంచి పైదాకా చూశారు. తర్వాత నవ్వారు, ఆ మనిషి నవ్వుతుందని నేను అనుకోలేదు. "తలుపు తీసి గడప కొలిచినోన్ని నిన్నే చూస్తున్న అల్లుడా" అన్నారు. "మల్ల పెట్టు."

"ఇప్పుడు బిగిస్తే మల్ల తలుపు పడది అత్తమ్మా."

"బిగియ్యమన్ననా? పట్టుకో."

యాదగిరి గారు కింద నేల మీద మోకాళ్లు ఆనించి, గడపను దాని చోటులో ఉంచి, రెండు చివర్లా రెండు చేతులతో అదిమి పట్టుకున్నారు. సుజాత పసుపు బియ్యం గిన్నె బండిలోకి తెచ్చింది. స్వరూప మంచం ముందు కింద కూర్చుని కొంగు పరిచింది. మొదట నర్సమ్మ గారు పోశారు, తర్వాత సుజాత, పక్కింటివాళ్లిద్దరు. ఐదో మనిషి కావాలి. "నువ్వు గూడ పొయ్యి అమ్మా, గింత దూరం వచ్చినవు" అన్నారు నాతో. మా వైపు ఆచారం తెలియదు, ఎన్ని దోసిళ్లు, ఏ చెయ్యి ముందు, ఏదీ తెలియదు. వాళ్లు చెప్పినట్టు పోశాను. బియ్యం ఆమె ఒడిలోకి జారుతున్న చప్పుడు ఆ చిన్న గదిలో బాగా వినిపించింది.

ఒడి కట్టుకుని స్వరూప లేచి, బరువుగా నడిచి గడప దగ్గరికి వచ్చింది. వాళ్లింట్లో ఒడి నిండాక గడపకు పసుపు కుంకుమలు పెట్టి, ఐదు పిడికిళ్ల బియ్యం, రెండు కుడుకలు అక్కడ ఉంచి మొక్కుతారు. ఆమె పసుపు రాస్తుంటే గడప అంచున యాదగిరి గారి వేళ్లున్నాయి. ఆయన తీయలేదు. ఆమె ఆగలేదు. చెక్కకూ వేళ్లకూ కలిపే రాసింది, బియ్యం కొన్ని ఆయన ముంజేతుల మీద పడ్డాయి. ఆమె వంగి మొక్కి లేచేదాకా ఆయన కదల్లేదు, చెమట కళ్లలోకి కారుతున్నా కదల్లేదు.

భోజనాలు సుజాత ఇంట్లో జరిగాయి. ఒడి బియ్యం మాత్రం కూతురు తన ఇంట్లోనే వండి నలుగురికీ పెట్టాలి. బయల్దేరే ముందు నర్సమ్మ గారు బండి కిటికీ దగ్గరికి వచ్చారు. "ఆదివారం వండుతవు కద. ఆ రోజు ఇల్లు ఏడుంటదో ఫోన్ చెయ్యి, నేనొస్త" అన్నారు. స్వరూప సరేనని తల ఊపింది. నన్ను వాళ్లు బీఎన్ రెడ్డి నగర్ మీదుగా తెచ్చి ఎల్బీనగర్ మెట్రో దగ్గర దించేసరికి సాయంత్రం ఐదైంది. దారి పొడవునా తలుపు గట్టిగా వేసే ఉంది, గడప మంచం మీద దుప్పటి పరిచి పడుకోబెట్టినట్టు ఉంది.

నేను రేపే బండి కొనేస్తానని చెప్పలేను. బాత్రూము లేకుండా ఉండగల ధైర్యం నాకు లేదు, మే నెల రేకును తట్టుకోగల ఒళ్లూ కాదు. కానీ చిన్న ఇళ్లంటే సామాను తగ్గించుకునే కిటుకు అనుకుంటూ వెళ్లినదాన్ని వేరే సంగతి చూసి వచ్చాను. ఇల్లు మనదని మనం అనుకుంటే సరిపోదు, మనవాళ్లు ఒకసారి లోపలికి వచ్చి కూర్చుని నీళ్లు తాగాలి. కాంక్రీటు ఇళ్లలో ఉన్న మనకు ఆ సంగతి పట్టదు, ఎవరూ కాదనరు కాబట్టి. ఆ ఇద్దరూ దాని కోసం రోడ్డు మీద మరలు విప్పారు, తల్లికి ఎదురు చెప్పారు, మోకాళ్ల మీద కూర్చుని చెక్కను పట్టుకున్నారు. నేను చూసిన గృహప్రవేశాలన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే, భోజనాల్లో మామిడిపండు ముక్క ఒక్కటే వచ్చినా సరే.

మీరు కూడా బండిలో ఇల్లు కట్టుకోవాలనుకుంటే ఒక్క మాట. సోలారు పలకలు, మడత మంచాలు నెమ్మదిగా చూసుకోవచ్చు. అన్నిటికన్నా ముందు, వెడల్పాటి గట్టి పీట ఒకటి చేయించి తలుపు పక్కనే పెట్టుకోండి. మీరు దాన్ని ఎప్పుడూ వాడకపోవచ్చు. మీ ఇంటికి రానన్న మనిషి వద్దామని కాలెత్తిన రోజున మాత్రం అది అక్కడ ఉండాలి, రెండోసారి కాలెత్తేదాకా ఆగకూడదు.